ఒక్క చుక్క మారితే...

తలసీమియా తీవ్రంగా ఉన్న పసివాడికి రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించవలసిందే. తల్లిదండ్రులు మాత్రం ఆరోగ్యంగానే కనిపిస్తారు. మరి ఈ జబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? కొందరు నజర్ తగిలిందంటారు. కొందరు కోడలిని నిందిస్తారు. ఇది న్యాయమేనా?

ఉర్దూ చదివినవారికి తెలుసు, 'దుఆ' అనే మాటలో ఒక్క చుక్క చేరితే అది 'దగా' అయిపోతుంది. మన దేహకణాలలో కూడా ఇలాంటి రాత ఒకటుంది. అదే డి.ఎన్.ఎ. అందులో అక్షరాలు నాలుగే - ఎ, టి, జి, సి. వాటితోనే సుమారు 300 కోట్ల అక్షరాల గ్రంథం తయారైంది. ఏ జన్యువు ఏ క్రోమోజోములో, ఏ చోట ఉందో గుర్తించడం మ్యాపింగ్. ఇది గ్రంథానికి విషయసూచిక రాయడం వంటిది. అక్షరం తర్వాత అక్షరం వరుసగా చదవడం సీక్వెన్సింగ్.

1990లో మొదలైన హ్యూమన్ జీనోమ్ ప్రాజెక్టు 2003లో ముగిసింది. అప్పటికి చదవలేకపోయిన భాగాలలో అత్యధికం 2022లో పూర్తయ్యాయి. చదివిన అక్షరాలను 24 గంటలలోగా అందరి ముందూ ఉంచాలని ఈ శాస్త్రజ్ఞులు 1996లో నిర్ణయించుకోవడం గమనార్హం. విద్యను దాచుకోకుండా పంచడమంటే ఇదే కదా!

తలసీమియాకు కారణమైన ఒక ముఖ్య జన్యువు 11వ క్రోమోజోములో ఉందని ఈ ప్రాజెక్టుకు ముందే తెలుసు. మన దేశంలో ఎక్కువగా కనిపించే లోపం అందులోని ఒకే ఒక్క అక్షరానిది. 'జి' ఉండవలసిన చోట 'సి' ఉంటుంది. ఈ జన్యువుకు మనలో రెండు ప్రతులుంటాయి. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఒక ప్రతిలోనే తప్పుంటే మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు. అలాంటి ఇద్దరికి పెళ్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అంటే ఇందులో భార్యాభర్తలిద్దరి వాటా సమానమే. కోడలిని ఒక్కదాన్నే నిందించడం అన్యాయం.

చిన్నాన్న కూతురైనా, ఖాలా కొడుకైనా ఒకే తాతల రక్తం. కనుక ఒకే తప్పు ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. పెళ్లికి ముందే హెచ్‌బి ఎ2 అనే రక్తపరీక్ష చేయిస్తే సాధారణంగా ఈ సంగతి బయటపడుతుంది.

రిష్తా మాట్లాడేటప్పుడు కట్నకానుకల గురించి గంటలు గంటలు చర్చించే పెద్దలు, రక్తపరీక్ష గురించి ఒక్క మాట అడగలేరా?