సర్వర్ నవీకరణ: ముందుగా వేసుకోవలసిన లెక్క

హోసూరు, బళ్ళారి, బరంపురం, సిరొంచ, యానాం ప్రాంతాల తెలుగువారి మాటలను సేకరించే మావంటి విభాగాలకు కార్డుల బీరువా స్థానంలో సర్వర్ వచ్చింది. కార్డు మీది మాటను చెదల నుంచి కాపాడుకుంటే చాలు. సర్వర్‌లోని మాట భద్రత మాత్రం దానిని నడిపే ఆపరేటింగ్ సిస్టం మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి దాని నవీకరణను యంత్రాలు చూసేవారికి వదిలి ఊరుకోలేం.

ఒక్కొక్క లోపానికి వచ్చే సవరణను ప్యాచ్ అంటారు. అటువంటివి అనేకం కూర్చి ఒకే కట్టగా ఇచ్చేది సర్వీస్ ప్యాక్. విండోస్ సర్వర్లలో 2008 ఆర్2కు 2011లో వచ్చిన సర్వీస్ ప్యాక్‌తో ఆ పద్ధతి ముగిసింది. ఇప్పుడు నెలనెలా సవరణల కట్టలు వస్తున్నాయి.

ఇందులో ఆలస్యమూ ప్రమాదమే, తొందరా ప్రమాదమే. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక సవరణ ఇచ్చింది. దానిని వేసుకోని యంత్రాలలోని ఫైళ్ళకు మే 12న వన్నాక్రై తాళం వేసింది. అంతకుముందు 1999లో ఎన్‌టీ 4.0 సర్వీస్ ప్యాక్ 6 వేసుకున్నచోట సాధారణ వాడుకరులకు లోటస్ నోట్స్ పనిచేయలేదు. కొద్ది వారాలలోనే 6ఏ ఇవ్వవలసి వచ్చింది.

భాషా పరిశోధకులకు మూడో ప్రమాదం ఒకటుంది. లినక్స్‌లోని జీలిబ్‌సీ 2018లో వచ్చిన 2.28తో అక్షరక్రమ పట్టికలను విస్తృతంగా మార్చింది. పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసు తన సూచికను పాత క్రమంలో పేర్చుకొని ఉంటుంది. నవీకరణ తరువాత కొత్త క్రమంలో వెతుకుతుంది. క్రమం మారినచోట, ఉన్న మాట కూడా దొరకకపోవచ్చు. గ్రంథాలయంలో పుస్తకాలను కదపకుండా జాబితాను మాత్రం మార్చినట్లన్నమాట. ఏ దోష సందేశమూ రాదు. పరిశోధకుడు ఆ మాట ఫలానా ఊళ్ళో వాడుకలో లేదని రాసేస్తాడు. దానిని చెప్పిన వృద్ధురాలు అప్పటికి జీవించి ఉండకపోవచ్చు. సూచికలను తిరిగి నిర్మించడమే దీనికి పరిష్కారం.

అందువల్ల ప్రణాళికలో ఈ వరుస పాటించాలి. మొదట సర్వర్ మీద నడిచే ప్రతి ప్రోగ్రామునూ, దాని వెర్షన్‌నూ రాసుకోవాలి. తరువాత బ్యాకప్ తీసి, దానిని వేరొక యంత్రంలో తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మకూడదు. ఆ నకలు మీదనే నవీకరణ చేసి, పట్టిన సమయం కొలవాలి. అసలు సర్వర్‌కు పని తక్కువగా ఉండే సెలవురోజు ఎంచుకొని అందరికీ ముందే చెప్పాలి. మొదలుపెట్టే ముందు మరొకసారి బ్యాకప్ తీయాలి. ఫలానా గంటలోగా సరిపడకపోతే పాత స్థితికి మరలాలని ముందే నిర్ణయించుకోవాలి.

చివరగా, ప్రాంతానికి కొన్ని చొప్పున తెలిసిన మాటలను, ముఖ్యంగా ఱ, ౘ, ౙ ఉన్నవాటిని, నవీకరణకు ముందూ తరువాతా వెతికి పోల్చాలి. మిగిలిన పని సాంకేతిక నిపుణులు చేయగలరు. ఏ మాటలు దొరకాలో చెప్పవలసింది మాత్రం మనమే.