ఉపనిషత్తు చూపిన యువకుడు

విశాఖ సాగరతీరానికి రామకృష్ణా బీచ్ అన్న పేరు అక్కడ నెలకొన్న రామకృష్ణ మిషన్ ఆశ్రమం వల్ల వచ్చిందని నగరవాసులకు విదితమే. వివేకానందస్వామి జన్మదినమైన జనవరి 12ను కేంద్ర ప్రభుత్వం 1984లో జాతీయ యువజన దినంగా ప్రకటించగా, 1985 నుంచి ఏటా ఆ ఉత్సవం జరుగుతోంది. ఆ దినాలు సమీపిస్తే చాలు, యువజన సమ్మేళనాలు, నాయకత్వ సదస్సులు ఊరూరా వెలుస్తాయి.

అటువంటి ఒక సదస్సుకు వెళ్లడం ఈ మధ్య తటస్థించింది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనాశ్లోకం వరకే అర్చకుని పాత్ర. అయినా సాయంత్రం దాకా కూర్చుని విన్నాను. వక్తలు సమర్థులే. లక్ష్యనిర్ణయం, సమయపాలన, సభాకంపం లేకుండా మాట్లాడటం పిల్లలకు అవసరమైన విద్యలే. తెల్లవారుజామున లేచి సంతలు చెప్పుకున్న వేదవిద్యార్థికి సమయపాలన కొత్తది కాదు, అది వేరే మాట! అయితే ఒక వక్త, గెలిచినవాడే నాయకుడని, ఓడినవాని పేరు లోకానికి అక్కరలేదని పలికాడు. చప్పట్లు మిన్నుముట్టాయి.

ఈ నగరంలో నిలబడి అనదగిన మాటేనా అది? ఉక్కు కర్మాగారం కోసం 1966లో ఆంధ్రదేశమంతా కదిలినప్పుడు విద్యార్థులు ముందు నిలిచారు. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. శంకుస్థాపన జరిగింది 1971 జనవరి 20న. ఆ గెలుపును వారు కంటితో చూడలేదు.

భోజన విరామంలో ఒక విద్యార్థి దగ్గరకు వచ్చి, "గురువుగారూ, ప్రవేశపరీక్ష రెండుసార్లు తప్పాను. ఈ సభలో నాకు చోటుందంటారా?" అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు గాని గొంతు వణికింది.

ఆ ప్రశ్నకు తైత్తిరీయోపనిషత్తు ఏనాడో బదులు చెప్పింది. 1926లో ఏర్పడిన మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చిహ్నంపైనున్న ఆదర్శవాక్యం ఆ ఉపనిషత్తు శాంతిమంత్రంలోనిదే. గురుశిష్యుల అధ్యయనం తేజోవంతం కావాలన్న ప్రార్థన అది. ఆ ఉపనిషత్తులోని ఆనందవల్లి ఎనిమిదవ అనువాకం ఆనందాన్ని కొలవబూనింది. కొలతకు ప్రమాణంగా ఎంచుకున్నది ఏ చక్రవర్తినో, ఏ తపస్వినో కాదు, ఒక యువకుణ్ణి. అతడు ముందుగా సాధువు, పిదప అధ్యయనపరుడు, ఆపైన ఆశిష్ఠుడు, దృఢిష్ఠుడు, బలిష్ఠుడు. ఇన్ని లక్షణాలు చెప్పిన తరువాత గాని సంపదతో నిండిన భూమి అతనికి దక్కినట్లు చెప్పలేదు. 'ఆశిష్ఠ' పదానికి శాసించేవారిలో మేటి అని శంకర భగవత్పాదులు అర్థం చెప్పారు. నేటి వాడుకలో నాయకుడన్నమాట. ఆ నాయకత్వం శ్రుతిక్రమంలో మూడవది సుమా! యువకుడై ఉండి సాధువు కానివాడుంటాడు, సాధువై ఉండి యువకుడు కానివాడుంటాడు. అందుకే రెండూ కలిపి చెప్పవలసి వచ్చిందని ఆచార్యుల వివరణ.

ఇన్నీ ఒక్కచోట కూడితే అది ఒక్క మానుషానందం. అక్కడినుంచి మనుష్యగంధర్వులు మొదలు ఇంద్ర, బృహస్పతి, ప్రజాపతుల మీదుగా బ్రహ్మ వరకు పది మెట్లు, మెట్టుమెట్టుకూ నూరురెట్లు. విశేషమేమంటే, మనుష్యగంధర్వుల మెట్టు మొదలుకొని ప్రతిచోటా, ఆ ఆనందం కోరికల దెబ్బ తగలని శ్రోత్రియునికీ ఉన్నదని శ్రుతి పలుకుతుంది. మానుషానందం వద్ద మాత్రం ఆ మాట లేదు. సదస్సులు మన పిల్లలను తెచ్చి నిలబెడుతున్నది సరిగ్గా ఆ మాట లేని చోటనే. భూమండలమంతా చేజిక్కినా అది ఒక్క పాలు. చేజిక్కనివానికి పై మెట్లు మూసి లేవు. "పరీక్ష మళ్లీ రాయి నాయనా, కాని సాధుత్వానికీ అధ్యయనానికీ ఏ పరీక్షా అడ్డు రాదు, శ్రుతి ముందు లెక్కించేది వాటినే" అని ఆ అబ్బాయికి చెప్పాను. కాసేపు కూర్చుని, శ్రోత్రియుడంటే ఎవరని అడిగాడు. మంచి ప్రశ్న. వేదాధ్యయనం చేసినవాడని చెప్పి, వివరంగా తెలుసుకోవడానికి ఒక ఆదివారం గుడికి రమ్మన్నాను.

మధ్యాహ్నం ప్రసంగాలన్నీ షికాగో చుట్టూ తిరిగాయి. సికిందరాబాదు ఊసెవరూ ఎత్తలేదు. 1893 ఫిబ్రవరి 13న మహబూబ్ కళాశాలలో వివేకానందస్వామి తమ పాశ్చాత్యయాత్ర లక్ష్యం గురించి ప్రసంగించారు. ఆయనకు ముప్పై ఏళ్లు నిండి నెల అయింది. అప్పటికింకా ప్రయాణానికి ధనం పూర్తిగా కూడలేదు. ఆ ధనం కోసం మద్రాసులో ఇంటింటికీ తిరిగినవారు అళసింగ పెరుమాళ్ అనే బడిపంతులు. స్వామి కంటే రెండేళ్లు చిన్నవారు. మే 31న స్వామి బొంబాయిలో ఓడ ఎక్కారు. అళసింగ మద్రాసులోనే పాఠాలు చెప్పుకుంటూ, 1895లో స్వామి ప్రేరణతో బ్రహ్మవాదిన్ పత్రికను ఆరంభించి, ఆ భారం మోశారు. 1909లో పరమపదించారు.