తిరిగి వచ్చిన యంత్రానికి చోటెక్కడ?

అరిజోనాలోని చాండ్లర్ నగరానికీ కంప్యూటర్లకూ చిరకాల సంబంధం ఉన్నది. ఇంటెల్ సంస్థ 1980లో ఇక్కడ అడుగుపెట్టింది. తరువాత ప్రైస్ రోడ్డు పరిసరాలలో డేటా కేంద్రాలు వెలిశాయి. వాటి రొదపై ఫిర్యాదులు రాగా, 2022 చివరలో నగరపాలక మండలి కొత్త కేంద్రాలకు నిబంధనలు బిగించింది. ఇటువంటి కేంద్రాలలో ఒక్క కంప్యూటరే అనేక కంప్యూటర్ల పని చేస్తుంది.

ఒక ఆధార యంత్రంపై నడిచే ఆ కల్పిత యంత్రాలనే వర్చువల్ మెషీన్లు అంటారు. ఐబీఎం 1972లోనే ఈ విధానాన్ని వీఎం/370 పేరుతో అందించింది. ఇంటెల్ 2005లో దీనికి తోడ్పడే ఏర్పాటును ప్రాసెసర్లలోనే పొందుపరచింది. కల్పిత యంత్రమంటే డిస్కుపై కొన్ని ఫైళ్ళ సముదాయం. కనుక దానికి బ్యాకప్ తీయడం, ఆపదలో తిరిగి నిలబెట్టడం సులభం.

అయితే రిజర్వేషన్ల సంగతి వేరు. రిజర్వేషన్ అనగానే మనకు రైలు గుర్తుకు వస్తుంది. ఇక్కడా భావం అదే: ఎంత రద్దీలోనైనా ఇంత మెమరీ, ఇంత ప్రాసెసర్ వేగం తప్పక ఇస్తానని ఆధార యంత్రం ఇచ్చే హామీ. బ్యాకప్ నుండి ప్రయాణికుడూ సామానూ తిరిగి వస్తారు. బెర్తు ఇవ్వవలసినది మాత్రం రైలే.

ఆధార యంత్రంలో పంచడానికి 60 గిగాబైట్ల మెమరీ ఉన్నదనుకుందాం. అందులో 40 ఇదివరకే రిజర్వు అయినవి. తిరిగి వచ్చిన యంత్రం 24 రిజర్వేషన్ కోరితే, మిగిలినవి 20 మాత్రమే కనుక అది ప్రారంభమే కాదు.

పునరుద్ధరణలో రిజర్వేషన్ జారిపోతే చిక్కు మరొక విధం. యంత్రం ప్రారంభమవుతుంది, పరీక్షలో సవ్యంగానే కనిపిస్తుంది. రద్దీ పెరిగిన నాడు మెమరీకి బదులు డిస్కుపై ఆధారపడి నత్తనడక నడుస్తుంది. అది ఆసుపత్రి రికార్డుల యంత్రమైతే ఆ జాప్యం రోగికే కష్టం. పైగా వీఎంవేర్ పద్ధతిలో, కేటాయించిన మెమరీ నుండి రిజర్వేషన్ పోగా మిగిలినంత స్వాప్ ఫైలు డిస్కుపై ఏర్పడాలి. 24 గిగాబైట్లూ రిజర్వు అయితే దాని పరిమాణం సున్న. రిజర్వేషన్ లేకుంటే 24. డిస్కులో అంత చోటు లేకపోతే అప్పుడూ యంత్రం లేవదు.

కనుక బ్యాకప్‌తో పాటు రిజర్వేషన్ల పట్టికను విడిగా భద్రపరచాలి. పునరుద్ధరణకు ముందు గమ్యస్థానంలోని మొత్తాన్ని కూడి చూడాలి. పాత యంత్రం ఇంకా నడుస్తుంటే దానిని ఆపాలి. లేకుంటే ఒకే ప్రయాణికుడికి రెండు బెర్తులు పోతాయి. యంత్రం లేచిన పిదప పట్టికతో సరిచూచినప్పుడే పునరుద్ధరణ పూర్తి అయినట్లు.