సీమలో నర్సు కావాలంటే

నర్సింగు చదివిన అమ్మాయి ఇంట్లో ఉంటే ఈ రోజులలో చుట్టపక్కాలు అడిగే మొదటి ప్రశ్న, "ఏ దేశం వెళుతుంది?" అని. రెండవది, "జీతం ఎంత?" అని. విమానం దిగిన మరునాడే ఆ అమ్మాయి అక్కడ నర్సుగా పనిచేయవచ్చునా అని అడిగినవారిని మాత్రం నేను ఇంతవరకు చూడలేదు. నిజానికి అన్నిటికన్న ముందు అడగవలసిన ప్రశ్న అదే.

నేను కృష్ణాజిల్లాలో నర్సింగు చదివి, విజయవాడలో ఒక ఆస్పత్రిలో ఎనిమిదేళ్ళు పనిచేసి, 2022లో ఇంగ్లండు వచ్చాను. వచ్చిననాడు నా పెట్టెలో డిగ్రీ ఉన్నది, రాష్ట్ర కౌన్సిల్ వారి రిజిస్ట్రేషను ఉన్నది, అనుభవ పత్రాలు ఉన్నాయి. అయినా ఇక్కడి చట్టం లెక్కలో నేను రిజిస్టర్డు నర్సును కాను. పదకొండు వారాలపాటు కాలేదు కూడా. ఆ సంగతి మన ఇళ్ళలో ముందుగా తెలిసి ఉండడం మంచిదని ఇది వ్రాస్తున్నాను.

పేరుకు కాపలా ఎందుకు?

మంచంమీద పడుకున్న రోగి తనకు సూది వేయవచ్చిన మనిషికి పని వచ్చునో రాదో పరీక్షించి చూడలేడు గదా! ఆ పరీక్ష మరెవరో ముందుగా చేసి, "ఈమెకు మేము పూచీ" అని చెప్పాలి. నర్సుల పేర్లకు చట్టప్రకారం దేశమంతటికీ పట్టీ పెట్టిన మొదటి దేశం న్యూజీలాండు. 1901లో అక్కడ చట్టం వచ్చింది. ఇంగ్లండులో అటువంటి చట్టం 1919లో వచ్చింది. దానికోసం మూడు దశాబ్దాలు పోరాడిన ఎథెల్ గోర్డన్ ఫెన్విక్ గారి పేరే ఆ తరువాత తెరిచిన పట్టీలో మొదటి నంబరుగా ఎక్కింది. మనమూ మరీ వెనకబడలేదు. మద్రాసు రాష్ట్రంలో నర్సులకు, మంత్రసానులకు 1926లోనే చట్టం చేశారు.

ఈనాడు బ్రిటనులో ఆ పట్టీని నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ వారు నడుపుతున్నారు. అందులో ఎనిమిది లక్షలకు పైగా పేర్లున్నాయి. మన పట్టీలో పేరు ఉన్నంతమాత్రాన వారి పట్టీలోకి దారి దొరకదు. వారి పరీక్షలు వారు పెట్టుకుంటారు.

మన ఊళ్ళోనే ఎక్కవలసిన మెట్లు

మొదటి మెట్టు ఇంగ్లీషు. ఐ.ఇ.ఎల్.టి.ఎస్. పరీక్షలో చదవడం, వినడం, మాట్లాడడం మూడింటిలో 7 చొప్పున, వ్రాయడంలో 6.5 రావాలి. ఆస్పత్రి మాటలతోనే జరిగే ఓ.ఇ.టి. అనే పరీక్ష మరొకటి ఉన్నది. మనవారిలో చాలామందికి అది నయంగా ఉంటుంది.

రెండవ మెట్టు కాగితాలు. మనం చదివినదీ, మనమీద ఫిర్యాదులేమీ లేనిదీ మన కౌన్సిల్ వారు వీరికి నేరుగా ధ్రువపరచాలి. పెళ్ళికి ముందు ఇంటిపేరుతో ఒక కాగితం, తరువాతి ఇంటిపేరుతో మరొక కాగితం ఉన్న అమ్మాయిలు వాటిని ముందే సరిచేయించుకోవాలి సుమా!

మూడవది కంప్యూటరు పరీక్ష. దీన్ని మన దేశంలోనే వ్రాయవచ్చు. లెక్కలు 15, నర్సింగు ప్రశ్నలు 100. వెయ్యి మిల్లీలీటర్ల సెలైను ఎనిమిది గంటలలో ఎక్కాలంటే గంటకు ఎంత? 125. ఇటువంటివే లెక్కలు. తేలికే గాని, దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే రోగి ప్రాణంమీదికి వస్తుంది. 2022లో నేను దీనికి కట్టినది 83 పౌన్లు.

పది గదుల పరీక్ష

అసలు పరీక్ష ఇంగ్లండు వచ్చిన తరువాత. దీన్ని ఆస్కీ అంటారు. నేను నార్తాంప్టన్‌లో ఇచ్చాను. ఫీజు 794 పౌన్లు. మొత్తం పది ఘట్టాలు. నాలుగింటిలో ఒకే రోగి కథ నడుస్తుంది: వచ్చిన రోగిని ప్రశ్నించి పరిశీలించడం, సేవకు పథకం వ్రాయడం, మందులివ్వడం, చివరకు మరొక వార్డుకు పంపుతూ వివరాలు వ్రాయడం. ఇంకో నాలుగు చేతిపనులు: గాయానికి కట్టు కట్టడం, సూది వేయడం, గుండె ఆగినవారికి ఛాతీ నొక్కడంవంటివి. మిగిలిన రెండూ కేవలం వ్రాతపని.

ఇందులో మనకు తెలియని వైద్యం ఏమీ లేదు. కష్టమంతా నోటితోనే! చేయి శుభ్రం చేసుకోవాలి, నా పేరు ఫలానా అని చెప్పాలి, రోగి పేరూ, పుట్టిన తేదీ అడిగి చేతిపట్టీతో సరిచూడాలి, ఏ మందయినా పడదా అని అడగాలి, "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అనాలి, నాడి పట్టుకునేముందు "పట్టుకోవచ్చునా?" అని అనుమతి తీసుకోవాలి. మన వార్డులో ఎనభై ఏళ్ళాయనను "తాతా, చెయ్యి ఇటివ్వు" అంటే ఆయన ఇస్తాడు. అందులో ఆప్యాయత ఉన్నది, నిజమే. కాని ఆయన ఇష్టాన్ని మనం అడగలేదు గదా!

నాతో పరీక్షకు వచ్చిన నెల్లూరు అమ్మాయి పన్నెండేళ్ళు ఐ.సి.యు.లో చేసిన మనిషి. చేతులు యంత్రంలా పనిచేస్తాయి. అంతా చకచకా చేసింది, పెదవి కదపకుండా. రెండు గదులలో తప్పింది. ఏడు గదులవరకు తప్పినవారు ఆ గదులకే మళ్ళీ వెళ్ళవచ్చు. దానికి 397 పౌన్లు. రెండవసారి ఆమె నెగ్గింది. ఒక దరఖాస్తుమీద మూడే అవకాశాలు. అవి అయిపోతే కొంతకాలం ఆగి, మళ్ళీ మొదటినుంచి దరఖాస్తు పెట్టుకోవాలి.

ఆ పదకొండు వారాలు

పరీక్ష నెగ్గేవరకు నాకు సహాయకుల దుస్తులు, సహాయకుల జీతం. 2022లో ఆ తరగతి జీతం ఏడాదికి 21,730 పౌన్లు. నర్సు జీతం 27,055 నుంచి మొదలు. మందులు స్వయంగా ఇవ్వడానికి వీలులేదు. స్నానాలు చేయించాను, అన్నం తినిపించాను, పక్కలు మార్చాను. మన దగ్గర ఇవన్నీ రోగితో వచ్చిన చెల్లెలో, కోడలో చేస్తుంది. ఇక్కడ రాత్రిపూట రోగి పక్కన చుట్టం ఉండడు. కాబట్టి అదంతా నర్సింగే.

ఇంటికి ఫోను చేస్తే మా అత్తగారు, "ఏమ్మా, అక్కడ ఆయా పని చేయిస్తున్నారట గదా!" అన్నది. నాలుగేళ్ళ నా కొడుకు ఆవిడ దగ్గరే ఉన్నాడు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. కాని మర్నాడు ఒక ముసలావిడకు తల దువ్వుతూ ఉంటే ఆవిడ తన నొప్పి ఎక్కడున్నదో నాకు చెప్పింది. అంతకుముందు ఎవరికీ చెప్పలేదట. వెంటనే నర్సుకు చెప్పాను. ఈ పని తక్కువదని నేను మరెన్నడూ అనుకోలేదు.

అప్పు చేసే ముందు

తల్లిదండ్రులు గమనించవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. ఉద్యోగం చూపినందుకు ఉద్యోగార్థి దగ్గర రుసుము తీసుకోరాదని బ్రిటనులో 1973నుంచి చట్టం ఉన్నది. ఇక్కడి ప్రభుత్వ ఆస్పత్రులు సాధారణంగా పరీక్ష ఫీజులు, వీసా, టిక్కెట్టు ఖర్చులు తామే పెట్టుకుంటాయి, లేదా తిరిగి ఇస్తాయి. కనుక లక్షలు అడిగే దళారి వస్తే పొలం కాగితాలు తీయకండి. విదేశ ఉద్యోగాలకు తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలున్నాయి. ముందు అక్కడ విచారించండి. ఫలానా కాలంలోపల మానుకుంటే ఖర్చులు తిరిగి కట్టాలనే షరతు ఒప్పందంలో ఉంటుంది. సంతకానికి ముందు చదువుకోండి. నేను వచ్చేనాటి నిబంధన ప్రకారం పనిలో చేరిన 12 వారాలలో ఆస్కీకి కూర్చోవాలి, 8 నెలలలో పేరు పట్టీకెక్కాలి. మరొక సంగతి: 2024నుంచి ఇక్కడ విదేశీ నర్సులను తీసుకోవడం బాగా తగ్గింది.

ఒకప్పుడు బ్రిటిషు ప్రభుత్వం, ఆంధ్రప్రదేశ్‌తో సహా మన దేశంలోని నాలుగు రాష్ట్రాలనుంచి నర్సులను పనిగట్టుకుని పిలవరాదని తన ఆస్పత్రులకు నియమం పెట్టింది. అక్కడ ఆరోగ్యానికి తాము సాయమిస్తూ, అక్కడి నర్సులను తామే తెచ్చుకోవడం న్యాయం కాదని దాని భావం. ఆ ప్రశ్న ఇప్పటికీ నా మనసులో ఉన్నది. నేను వదలివచ్చిన వార్డులో నా పని ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు, బహుశా రెండు మంచాల పని నాలుగు మంచాలకు పంచుకుని.

పరీక్ష నెగ్గాక నాకు ఒక నంబరు వచ్చింది. దాని చివర 'ఓ' అనే అక్షరం, బయటిదేశంలో చదివినదానికి గుర్తు. అది శాశ్వతం కాదు; మూడేళ్ళకోసారి 450 గంటల పని, 35 గంటల చదువు చూపితేనే నిలుస్తుంది.

నర్సింగు చదివే మన అమ్మాయిలకు నేను చెప్పేది ఒక్కటే. సీమకు వచ్చినా రాకపోయినా, రేపు డ్యూటీకి వెళ్ళినప్పుడు సూది వేసేముందు మీ పేరు చెప్పి, ఎందుకు వేస్తున్నారో చెప్పి, "వేయమంటారా?" అని అడిగి చూడండి. అచ్చ తెలుగులోనే అడగండి. దానికి వీసా అక్కరలేదు.