ప్రాస్పెక్టు భవనము

ఇల్లు కట్టించినవారి పేరును, కట్టిన శిల్పి పేరును చరిత్రలో నిలుచును. ఆ యింటికి కళ తెచ్చిన యిల్లాలి పేరు మాత్రము తఱచుగా మఱుగుపడును. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమందలి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు ఆవరణలోనున్న ప్రాస్పెక్టు భవనమును గూర్చి వ్రాయబూనగా మాకు తోచిన మొదటి మాట యిది.

ఆ స్థలమున పూర్వము కర్నల్ జార్జి మోర్గాను రాతియిల్లు ఉండెడిది. అచటినుండి తూర్పుగా దూరమువఱకు కానవచ్చు దృశ్యమునుబట్టి దానికా పేరు కలిగెను. 19వ శతాబ్ది నడుమ పాటరు కుటుంబమువారు దాని స్థానమున ఇప్పటి భవనమును కట్టించిరి.

దీని శిల్పి జాన్ నాట్‌మన్. ఇతడు 1810లో స్కాట్లండునందలి ఎడింబరోలో పుట్టి, 1831లో అమెరికా చేరి, ఫిలడెల్ఫియాలో స్థిరపడెను. గ్రీకు దేవాలయములవలె ముందు స్తంభములు నిలిపి, ఇరుపక్కలు సమముగా ఇండ్లు కట్టుట ఆనాటి వాడుక. నాట్‌మన్ ఇటలీదేశపు పల్లెభవనముల తీరును చేపట్టెను. ఒక చతురస్రపు గోపురము, గుండ్రని తలకట్టుగల కిటికీలు, ముందుకు చాచిన చూరు, ఎండవానలకు మఱుగైన వసారా ఈ తీరునకు గుర్తులు. ఇందు రెండు పక్కలు సరితూగవలెనను నిర్బంధము లేదు. లోపలి గదుల అవసరమునుబట్టియే వెలుపలి రూపమేర్పడును. 1855లో కాలిపోయిన నాసో హాలును తిరిగి కట్టినవాడును ఇతడే. 1865లో మరణించెను.

1878లో ఈ భవనము కళాశాలకు దానముగా వచ్చెను. పిమ్మట 1968 వఱకు అధ్యక్షులకు నివాసమయ్యెను. 1902లో వుడ్రో విల్సన్ అధ్యక్షుడు కాగా, ఆయన భార్య ఎలెన్ ఇచట కాపురము పెట్టెను. ఆమె చిత్రకారిణి, ముగ్గురు కుమార్తెల తల్లి. భవనము వెనుకనున్న పూలతోటను ఆమెయే తీర్చిదిద్దెను. పుట్బాలు ఆట చూడవచ్చిన జనము తోటను తొక్కి పాడుచేయగా, 1904లో విల్సన్ చుట్టును ఇనుపకంచె వేయించెను. అందఱికిని చెందిన నేలను ఒక కుటుంబమునకు కట్టబెట్టినట్లు తలచి విద్యార్థులు నిరసించిరి. వారి మాటలో కొంత న్యాయము లేకపోలేదు. కాని చేతులార పెంచిన మొక్క కాళ్లక్రింద నలిగిన బాధ యెట్టిదో మన సోదరీమణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఎలెన్ 1914లో కన్నుమూసెను. నేడా భవనము అధ్యాపకుల భోజనశాలగానున్నది. ఆమె తోట యించుమించు నాటి రూపముననే పూయుచున్నది. నాట్‌మన్ గోపురమును చూడబోవువారు ఆ తోటలో ఒక్క నిమిషము నిలిచి, దానిని పెంచిన యిల్లాలిని తలచుకొందురుగాక యని మా కోరిక.