మూలబడ్డ వాద్యానికి మరల గొంతు

వాడిన వస్తువు అరిగి పాడవడం సహజమే. కాని వాడకుండా అటకమీద పెట్టినందువల్లనే పాడయ్యేవి కూడా కొన్ని ఉన్నవి. 1980 ప్రాంతాల జపానులో తయారైన సింథసైజరు వాద్యాలు అటువంటివి. హార్మోనియంవలె మెట్లున్నా వీటిలో తిత్తి లేదు, గాలి లేదు. విద్యుత్తే స్వరాన్ని పుట్టిస్తుంది.

ఆఫీసులో కాగితం కనబడకపోతే బీరువాలన్నీ తిరగవేయము; ఆఖరున ఏ బల్లమీదికి వెళ్లిందో విచారిస్తాము. వాద్యం విషయమూ అంతే. 1984 నాటి రోలాండ్ జూనో-106లో ఆరు గొంతులు వంతులవారీగా పలుకుతాయి. ఒకే మెట్టును వరుసగా నొక్కుతూంటే ఆరింటికొకసారి స్వరం మూగబోయినా, గరగరలాడినా దోషం ఆ ఒక్క గొంతుదే. ఆ గొంతు తాలూకు చిప్పుకు ఫ్యాక్టరీలో వేసిన పూత కాలక్రమాన విద్యుత్తును పక్కదారి పట్టిస్తుంది. చిప్పును ఊడదీసి, అసిటోనులో నానబెట్టి, ఆ పూత తొలగిస్తే చాలాసార్లు గొంతు తిరిగి వస్తుంది.

ఇంతకంటె ప్రమాదమైనది 1981 నాటి కోర్గ్ పాలీసిక్స్ జబ్బు. వాయించేవారు కూర్చుకొన్న 32 స్వరరూపాలను జ్ఞాపకముంచడానికి లోపలి బోర్డుమీద చిన్న నికెల్-కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. వాద్యం వాడుకలో ఉన్నంతకాలం అది చార్జీ అవుతుంది. ఏళ్లతరబడి మూలబడితే నీరసించి కారుతుంది. కారేది క్షారం. వెంట్రుకల్లాంటి రాగి దారులను అది మెల్లగా తినివేస్తుంది. వాద్యానికి మెదడు కూడా ఆ బోర్డుమీదనే ఉన్నది గనుక జ్ఞాపకాలు పోతాయి, మీటలు మాట వినవు, శ్రుతి తప్పుతుంది.

వాద్యం ఇంకా పలుకుతూంటే ముందుగా స్వరరూపాలను క్యాసెట్టుకు ఎక్కించుకోవాలి. అందుకు అందులోనే ఏర్పాటున్నది. పిమ్మట ప్లగ్గు పీకి, కొంతసేపు ఆగి, బ్యాటరీని కత్తిరించి తీసివేయాలి. చేతికి తొడుగు, కంటికి అద్దాలు తప్పనిసరి. చిలుము పట్టినచోట దూదితో వెనిగర్ అద్దాలి; క్షారానికి పులుపు విరుగుడు. ఇత్తడి బిందెలు తోమే మన ఇల్లాండ్రకు పులుపు మహిమ చెప్పనక్కరలేదు. అయితే చింతపండు మాత్రం ఇక్కడ పనికిరాదు! తర్వాత ఆల్కహాలుతో తుడిచి, బాగా ఆరనిచ్చి, ఒక్కొక్క దారినీ మల్టీమీటరుతో పరీక్షించాలి. తెగినచోట సన్నని తీగెతో టంకం వేయాలి.

కొత్త బ్యాటరీని బోర్డుకు దూరంగా, తీగెలతో అమర్చడం క్షేమం. లిథియం బిళ్ల పెట్టేవారు చార్జీ దానిలోకి పోకుండా డయోడు వేసి తీరాలి. లేకుంటే అది పేలే ప్రమాదమున్నది.

కరెంటు వస్తువు గనుక పని తెలియనివారు మూత తీయరాదు. కాని మీ ఇంట ఇటువంటి వాద్యముంటే, పలుకుతున్నది కదా అని ఊరుకోవద్దు. ఈ నెలలోనే తెలిసినవారిచేత బ్యాటరీని చూపించండి. నేడు అరగంట పని. ఆలస్యమైతే బోర్డుకే ముప్పు.