వార్తల్లో పదం: బెట్జ్ పరిమితి

రామగిరి కొండలమీది గాలిమరలను దూరమునుండి చూచువానికి గాలియే రెక్కలను నెట్టుచున్నట్లు తోచును గాని, నిజమునకు విమానపు రెక్కవలె వంపుదీర్చిన యా రెక్కల కిరువైపుల నేర్పడు పీడనభేదమే వానిని త్రిప్పుచున్నది. పెక్కు మరలలో నా నిదానపు భ్రమణమును పళ్లచక్రముల పెట్టె వేగవంతము చేసి జనరేటరున కందింపగా, అయస్కాంతముల నడుమ రాగితీగచుట్టలలో విద్యుత్తు జనించును.

గాలివేగము రెట్టింపైనచో నందలి శక్తి యెనిమిది రెట్లగును. ఐనను దాని నంతయు దోచుకొనుట యే యంత్రమునకును తరముకాదు: రెక్కలవద్ద గాలి పూర్తిగా నిలిచిపోయినచో వెనుకవచ్చు గాలికి త్రోవ యెక్కడిది? కావుననే నూటికి 59.3 పాళ్లకు మించి గ్రహింప వీలులేదని జర్మను శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బెట్జ్ 1920లో ప్రకటించెను. ఇది ప్రకృతి గీచిన గీత; యంత్రకారుని చేతగానితనమనుట యన్యాయము.